పడవ కన్నా ముందు పడిన జాడ

మైపాడు సముద్రం మీద పడవ పోయిన జాడ పొద్దుగూకేదాకా చెరగదు. తడి మడిలో ట్రాక్టరు పోయినట్టు నీళ్ల మీద గాడి పడి ఉండిపోతుంది. రాత్రికి మాసిపోతుంది. ఊళ్లో పుట్టినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. ఎవరి పడవ ఎటు పోయిందో గాడి చూసి తెలుసుకుని, తమ వలలు వేసుకుంటారు.

అబిగయీలుకు ఆ జాడలతో ఇంకో పని కూడా ఉంది. మోటారు పడవల స్టీరింగులు బాగుచేయడం ఆమె పని. నాన్న దగ్గర నేర్చుకుంది. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని ఒడ్డున నిలబడి, ఏ గాడి తిన్నగా ఉందో, ఏది వంకర్లు పోయిందో చూస్తుంది.

"రమణయ్యన్నా, నీ చక్రం బెత్తెడు తిప్పితే గాని ఇంజను కదలడం లేదు. పాము పోయినట్టుండాది చూడు నీ గాడి," అంటుంది. రమణయ్య మారుమాట లేకుండా పడవను ఇసుక మీదికి లాక్కొస్తాడు. ఆమె కేబుల్ ఊడదీసి, గట్టిపడిన పాత గ్రీజునూ ఉప్పునూ గీకి, మంచినీళ్లతో కడిగి, కొత్త గ్రీజు పట్టించి పంపుతుంది.

ఆమె మొగుడి పేరు సమాధానం. అతనికి స్పీడు బోటు ఉంది. బీచికి వచ్చేవాళ్లను అందులో తిప్పుతాడు.

ఒక శనివారం పొద్దున ఆమె టీ తీసుకుని వచ్చేసరికి, ఒడ్డున పదిమంది నీళ్లకేసి చూస్తూ నిలబడి ఉన్నారు. నీళ్ల మీద ఒకే ఒక్క గాడి. సమాధానం బోటు ముందు మొదలై, తిన్నగా చాలా దూరం పోయి, ఉన్నట్టుండి కుడికి తిరిగింది. అక్కడ సున్నా చుట్టి, ఆ సున్నాలో ఇంకా చిన్న సున్నా, దాని లోపల ఇంకొకటి. బయటికి వచ్చిన దారి లేదు.

బోటు మాత్రం ఇసుక మీదే ఉంది. పైన కప్పిన టార్పాలిన్ మీద మంచు కూడా ఆరలేదు.

"మీదేనా అమ్మే?" అన్నాడు రమణయ్య.

వాళ్లదే. ఎప్పుడో రాయి తగిలి బోటు అడుగున ఒక అంచు చీలింది. అందుకే వాళ్ల గాడి పక్కన ఇంకో సన్న గీత పడుతుంది. ఆ గీత అక్కడుంది. అబిగయీలు చేతిలో గ్లాసు ఒరిగి, వేడి టీ పాదం మీద పడింది. ఆమెకు తెలియనే లేదు.

సమాధానం వేపపుల్ల నోట్లో పెట్టుకుని వచ్చాడు. "నేనింకా ఎక్కందే గాడేంది?"

"ఈసారి ముందు పడినట్టుండాది," అన్నాడు రమణయ్య.

తొమ్మిదింటికి అల్లూరు నుంచి ఒక కుటుంబం దిగింది. కామమ్మ అనే పెద్దావిడ, కొడుకూ కోడలూ, ఆరేళ్ల మనవరాలు సాయిలక్ష్మి. కామమ్మ ఎప్పుడూ సముద్రంలో పడవెక్కలేదట. పిల్లకు అప్పుడే లైఫ్ జాకెట్ కట్టేశారు. స్టీరింగు విప్పి చూసేదాకా ఎవరినీ ఎక్కనివ్వనంది అబిగయీలు.

సమాధానం స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చూపించాడు. "చూడుమే, వెన్న మాదిరి తిరగతా ఉండాది. మొన్న నువ్వేగా చేసింది?"

"నేనే చేసినాను. అందుకే ఇప్పుతా."

చక్రం కింద చూసింది. కేబుల్ పొడుగునా తడిమింది. ఎక్కడా తుప్పు లేదు, పగుళ్లు లేవు. ఊపిరి తీసుకుంది. తర్వాత ఇంజను వెనక్కి పోయి, కేబుల్ కొసను ఇంజనుకు కలిపే లింకు రాడ్డు మీద చెయ్యి పెట్టింది. నట్టును రెండు వేళ్లతో పట్టుకుంది, అంతే. అది ఊడి చేతిలోకి వచ్చేసింది.

ఆ నట్టు లోపల నైలాన్ రింగు ఉంటుంది. ఇంజను ఎంత అదిరినా వదలకుండా పట్టుకునేది అదే. ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదు. మొన్న సాయంత్రం డబ్బాలో కొత్తది లేక, రేపు మారుద్దాంలే అనుకుని పాతదే బిగించింది. తెల్లారి ఆ సంగతే మర్చిపోయింది.

సమాధానం చూశాడు. "గట్టిగా బిగించి ఊరుకో. ఎవురికీ చెప్పబాక," అన్నాడు గొంతు తగ్గించి.

ఆమె కామమ్మ వైపు తిరిగింది. "అమ్మా, తప్పు నాది. పాత నట్టు వేసినాను. అలల దెబ్బకు ఊడిపొయ్యేది. ఇంజను ఒక పక్కకు తిరిగిపోతే బోటు గింగిరాలు కొడతాది. లోపలుండేవాళ్లను విసిరేస్తాది."

కామమ్మ సముద్రం మీది సున్నాల వైపు చూసింది. ఆమె కొడుకు మీదికొచ్చాడు. "మనుషుల ప్రాణాలంటే ఆటలా నీకు?"

ఇన్నేళ్లుగా ఆమె మాట నమ్మిన పడవలవాళ్లంతా వింటున్నారు. ఒక్కరూ ఆమె మొహం చూడలేదు.

"కొత్తది వెయ్యి," అంది కామమ్మ. "ముందు మీ మొగుడూ పెళ్లాలు బోటులో ఒక చుట్టు తిరిగి రాండి. తర్వాత చూద్దాం."

సమాధానం బండి మీద నెల్లూరు పోయి, పన్నెండింటికి నట్టు తెచ్చాడు. ఆమె బిగించి, ఊపి చూసి, మళ్లీ ఊపి చూసింది. ఇద్దరూ ఎక్కారు. చక్రం ఆమే పట్టుకుంది.

గాడి వెంటే పోయింది. సున్నా మొదలయ్యే చోట వేగం తగ్గించింది. ఎడమకు తిప్పింది. బోటు ఎడమకు తిరిగింది. కుడికి తిప్పితే కుడికి తిరిగింది. అప్పుడు కనిపించింది, అన్నిటికన్నా లోపలి సున్నాలో, నీళ్ల మీద తేలుతూ.

సమాధానం వంగి అందుకున్నాడు. చిన్నపిల్ల కుడికాలి చెప్పు. గులాబీ రంగు, పైన సీతాకోకచిలుక. "ఎవురో పారేసుకోనుంటారు," అన్నాడు. ఆమె అతని వైపు చూసింది. బోటును ఒడ్డు వైపు తిప్పింది.

ఒడ్డుకు చేరేసరికి సాయిలక్ష్మి ఎదురు పరుగెత్తుకొచ్చింది. "అక్కా, నా చెప్పు!" అని చెయ్యి చాచి, తన కాళ్ల వైపు చూసుకుని ఆగిపోయింది. రెండు చెప్పులూ కాళ్లకే ఉన్నాయి. గులాబీ రంగువే. సీతాకోకచిలుకలవే.

పిల్ల కుడికాలిది విడిచి, తడి చెప్పులో కాలు పెట్టింది. సరిగ్గా పట్టింది. "మూడు!" అని మూడు వేళ్లు చూపించి నవ్వింది.

పొద్దున కేకలేసిన తండ్రి ఉన్నచోటే ఇసుకలో కూలబడ్డాడు.

కామమ్మ వంగి, పిల్ల లైఫ్ జాకెట్ తాళ్లు ఒక్కొక్కటే విప్పింది. ఆ వయసులో ఎత్తలేని బరువే. అయినా చంకనెత్తుకుని, వెనక్కి తిరిగి చూడకుండా బస్సుల వైపు నడిచింది. కోడలు ఏడుస్తూ వెంటపడింది. పిల్ల కాలికి తడి చెప్పే ఉంది.

అబిగయీలు ఇసుకలో మిగిలిన పొడి చెప్పు తీసుకుని, వాళ్ల వెనక నాలుగడుగులు వేసి ఆగింది.