బూరుగు దూది

ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లులో గింజ నుంచి పత్తిని వేరుచేసే మిషన్లు పొద్దంతా మోగుతాయి. పక్కన నిలబడి అరిచినా వినబడదు. గంగుబాయికి ఇంటికి పోయినా చెవుల్లో అదే మోత. పక్క మిషను కొమురవ్వకు మొదట ఇట్లాగే మోగి మోగి, చివరికి వినికిడే పోయింది. తనకూ అదే గతి పడుతుందని గంగుబాయి భయం.

ఒకనాడు చెవుల్లో ఇంత పత్తి కుక్కుకుంది. నిజాం రాజ్యం పోయినా గేటుకాడి సోదా పోలేదు కదా. కావలి దేవదాసు పట్టుకున్నాడు.

"గిదేందే? సేటు పత్తి చెవులల్ల దాసుకపోతున్నవా?"

"దాసుడేందన్నా, చెవులు పోతున్నయ్!"

"పోతే పోనీ. మళ్ల కనవడితే పని బంద్."

బండ్లకొద్దీ పత్తి వచ్చే మిల్లులో మనిషి చెవికి చిటికెడు పత్తి దొంగతనమట! చెవులు వదులుకోవాలా, కూలి వదులుకోవాలా?

గంగుబాయి రెండూ వదల్లేదు. ఇంటికి పోయి అత్త సక్కుబాయి తలకింద పెట్టుకునే మెత్త విప్పింది. అందులోని బూరుగు దూదిని రెండు గుడ్డసంచుల్లో దట్టించి, పట్టీకి కుట్టి, మరునాడు చెవులమీద బిగించి కట్టుకుంది.

సాయంత్రం దేవదాసు కుట్టు తెంపి చూశాడు. పట్టులా జారే బూరుగు దూది.

"సేటు బూరుగుచెట్లు గూడ పెట్టిండా అన్నా? ఏ కొమ్మకు తెంపిన్నో సెప్పు!"

వెనక ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

"పో పో. ఎద్దుకు గంతలు కట్టినట్టున్నవ్."

"ఎద్దుకున్న ఇలువన్న మాకున్నదా?"

ఆ వారంలోనే వరుసంతా చెవులు కట్టుకుంది. అందరికీ కుట్టిపెట్టింది కొమురవ్వే.

చెవుల్లో మోత మెల్లగా తగ్గింది. అయినా వినికిడి దక్కిందని గంగుబాయికి నమ్మకం కుదరలేదు. ఒక సాయంత్రం వాకిట్లో గిన్నెలు తోముతుంటే, లోపల అత్త పొయ్యికేసి గొణుగుతోంది.

"మెత్త లేక నా మెడ పట్టింది. గీమెకు చెవులే ముద్దు."

గంగుబాయి గిన్నె వదిలి లోపలికి ఉరికింది.

"ఏమన్నవత్తా?"

"నేనేమనలే."

"అన్నవ్! మెడ పట్టిందన్నవ్. గొణిగింది గొణిగినట్టే ఇనవడ్డది!" నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "కొత్త మెత్త కుడ్త గని, ఇంకోసారి తిట్టత్తా. జర ఇంకా మెల్లగ."