మెరక దగ్గర బస్సు

నాలుగో తరగతిలో నా పలక పగిలింది. మా నాన్న ఇంకోటి కొనలేదు. అప్పట్నుంచి ఈ లోకం నాకు పనులు చెప్పిందే గాని, నన్ను ఒక్క మాట అడిగింది లేదు.

చోడవరం నుంచి రోలుగుంట వెళ్లే బస్సుకి నేను డ్రైవర్ని. బస్సులు బొగ్గుతో నడిచిన రోజులనాటిది అది. దారిలో ఒక మెరక ఉంది. దాని కింద ఆపగానే, ఎవరూ చెప్పక్కర్లేకుండా, జనమంతా దిగిపోతారు. ఖాళీ బస్సుని నేను పైకెక్కించి నిలబెడితే, నడిచొచ్చి మళ్లీ ఎక్కుతారు.

ఆ వేసవిలో మేస్త్రీ పరదేశి ఇంజను విప్పి చూసి పెదవి విరిచాడు.

"కొత్త ఇంజనైనా ఎయ్యాల, ఇనప సామాన్లోడికైనా ఇచ్చీయాల."

కొత్త ఇంజనంటే యజమాని గణపతిరావుగారు చెరకు మడి ఒకటి అమ్ముకోవాలి. బస్సు పోతే నేను మళ్లీ బెల్లం పొయ్యి ముందు కూర్చుని పిప్పి ఎగదొయ్యాలి. ఇరవై ఏళ్లప్పుడు చేసిన పని. ఇప్పుడు నలభై ఎనిమిదేళ్లు, ఆ సెగకి ఆగలేను.

"సంత రోజు నేనే ఎక్కి సూస్తాను. అప్పుడు సెప్తాను," అన్నారు గణపతిరావుగారు.

సంత రోజు పొద్దున్న, ఆయనా పరదేశీ వచ్చి ఎక్కక ముందే, జనాన్ని బతిమాలుకున్నాను. "ఈ ఒక్క రోజుకీ మెరక కాడ దిగకండి. ఎక్కీస్తాది." అందరూ తలలూపారు. ఊపడానికేం, ఖర్చా?

మెరక వచ్చింది. ఆపకుండా మొదటి గేరులో పోనిచ్చాను. నిజంగానే ఎక్కుతోంది! సగం దూరంలో వెనక రేకు దబదబ మోగింది.

"ఒరే, ఆపరా! దిగాల!"

కాయగూరల గంప సన్యాసమ్మ. నా కాలు అలవాటుకొద్దీ ఆపేసింది. ఇంజను చచ్చింది. బస్సు వెనక్కి జారింది. బ్రేకు తొక్కితే సగమే పట్టింది. పరదేశి కిందికి దూకి చక్రం కింద రాయి పెట్టాడు.

అందరూ దిగారు. యజమాని కూడా.

"ఏటే సన్యాసమ్మా, దిగొద్దన్నాడు కదా?"

"అన్నాడు బాబూ. మరి నా సుట్ట మాటేటి? బస్సులో కాలిస్తే కసురుతాడు. ఇక్కడైతే అడ్డపొగేసుకుని, నలుగురి మాటలూ ఇనుకుంటూ ఎక్కీవచ్చు."

"కొత్త ఇంజనేస్తే నడవక్కర్లేదే."

"అయితే దాన్ని నీ ఇంట్లోనే ఎట్టుకో బాబూ!" అని, చుట్ట వెలిగించి నిప్పు వైపు నోట్లో పెట్టుకుని నడక సాగించింది.

జనం గొల్లున నవ్వారు. ఎవరో యజమాని చేతిలో దోసకాయ ముక్క పెట్టారు. అది నములుతూ, వాళ్లతో నవ్వుతూ పైకి వచ్చారు. అప్పటికి నేను ఖాళీ బస్సుని ఎక్కించి ఉంచాను.

పరదేశి ఏదో చెప్పబోయాడు. ఆయన చెయ్యెత్తి ఆపి, నా వైపు తిరిగారు.

"నడిపేవోడివి నువ్వు. నువ్వేటంటావు?"

స్టీరింగు వదిలి కిందికి దిగాను.

"ఎక్కడానికి జనం కాళ్లున్నాయి బాబూ. దిగేటప్పుడే దిక్కు లేదు. బ్రేకులు కొత్తవి ఎయ్యండి. ఇంజనుకి రింగులు మారిస్తే ఇంకో మూడేళ్లు లాగుతాది."

"ఏరా పరదేశీ?"

పరదేశి గొణిగాడు గాని, కాదనలేకపోయాడు.

వారంలో బ్రేకులూ రింగులూ పడ్డాయి. చెరకు మడి ఉంది, నేనూ ఉన్నాను. ఇప్పుడు రేకు బాదక ముందే మెరక కింద ఆపుతాను. పైన అందరూ ఎక్కేశాక చివర్న సన్యాసమ్మ వస్తుంది. నోట్లో నిప్పు. మాటాడలేక, ఆగమని చెయ్యి ఊపుతుంది.

ఆగుతాను. కొత్త బ్రేకులు. బస్సు ఎంతసేపైనా ఆగుతుంది.