నిల్ పర్ ఆస్

తండ్రి హడ్మా మంచానికి ఆ బోర్డు తగిలించింది భీమేనే. ఆమె ఆ వార్డులోనే నర్సు. బోర్డు మీద ఎన్.పి.ఓ. అని ఉంటుంది. నిల్ పర్ ఆస్. నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు. హడ్మా పేగుకు చిల్లు పడింది, సాయంత్రం ఆపరేషన్ అన్నాడు డాక్టరు.

తమ ఊరు ఎర్రబోరు నుంచి జీపులో వస్తున్నంతసేపూ హడ్మా నీళ్ళే అడిగాడు. భీమే తల్లి ఇర్మె సొరకాయ బుర్రలో ఊరి చెలమ నీళ్ళు తెచ్చింది. మూత తీస్తుంటే భీమే చెయ్యి పట్టుకుంది.

"వద్దవ్వా. నోట్ల ఏం పొయ్యొద్దని రాసి ఉంది."

"మా ఆయనకూ తగిలించిన్రు నిన్న," అంది పక్క మంచం దగ్గరున్న సుశీలమ్మ, కుంట అనే ఊళ్ళో కిరాణా దుకాణం ఆమె. "పొద్దంత తిట్టిండు. డాక్టర్ని కాదు, నన్ను."

ఇర్మె నవ్వలేదు. "హిందీనా అది?"

"లాటిన్. రోగాల పేర్లు, మందుల పేర్లు శానా అండ్లకెల్లే వచ్చినయి."

"ఎవరు మాట్లాడతరు దాన్ని?"

ఏ ఇంట్లోనూ మాట్లాడరు కాబట్టే ఆ మాటల అర్థాలు మారవని నర్సింగ్ స్కూల్లో టీచరు చెప్పింది. అప్పుడది గొప్పగా తోచి, భీమే ఇష్టంగా బట్టీ పట్టింది.

"ఎవరూ మాట్లాడరు."

"ఎవరూ మాట్లాడని మాట ఇంటవు. అయ్య మాట ఇనవు."

భీమే దూది తడిపి తండ్రి పెదవులు తుడిచింది. హడ్మా దూదిని చప్పరించబోయాడు. ఆమె చటుక్కున లాక్కుంది.

ఆపరేషన్ గదికి తీసుకెళ్ళకముందే అతను పోయాడు.

పోయేవాళ్ళ నోట్లో కన్నబిడ్డ చేతి నీళ్ళు పడాలి, లేకపోతే ఆ జీవం దాహంతో ఇంటి చుట్టూ తిరుగుతుంది. ఇది ఇర్మె నమ్మకం. భీమేకి కూడా చిన్నప్పటి నుంచీ తెలిసిందే.

"తాగితే బతుకుతుండె అంటలేను," అంది ఇర్మె. "తాగి పోతుండె."

భీమే బోర్డు విప్పింది. ఇక అడ్డు లేదు. బుర్ర కోసం చెయ్యి చాచింది. ఇర్మె దాన్ని తన వైపు లాక్కుంది.

"నేను పోస్త. నువ్వు నీ బోర్డు పట్టుకో."

నీళ్ళు లోపలికి పోలేదు. చెంప మీదుగా జారి ఆసుపత్రి దిండులోకి ఇంకిపోయాయి.