మేక ముట్టని మాట

పొద్దున ఏడు గంటలు. గుడియాత్తంలో ముసురు పట్టింది. కస్తూరమ్మ గడపలో కూర్చొని అగ్గిపెట్టెల అట్టలకు బంక పూస్తోంది. ఎదురుగోడ మీద తడిసిన పోస్టరును ఆమె మేక నములుతోంది. అది ఏ కాగితమైనా తింటుంది, మనిషి సొంతంగా ఆలోచించి రాసింది తప్ప. వీధిలో పెళ్ళి సంబంధాల ఉత్తరాలు వస్తే ముందు దానికే చూపించేవాళ్ళు.

కూతురు హేమశ్రీ రాత్రి కూడా తినలేదు. అగ్గిపెట్టెలు చేసే ఆడవాళ్ళ మీద ఆ పిల్ల ఇంగ్లీషులో ప్రాజెక్టు రాసిచ్చింది. అది మనిషి రాసింది కాదని వేలూరు కాలేజీ కంప్యూటరు చెప్పిందట. ఈరోజు తేలకపోతే పరీక్ష రాయనివ్వరు.

"ఎవురు రాసినారే?"

"నేనేమ్మా." పిల్ల తలెత్తలేదు.

కస్తూరమ్మ చేతులు కడుక్కొని మేకను పట్టుకొచ్చింది.

పళ్ళికొండ మీదుగా వేలూరు పోయే బస్సులో కండక్టరు మేకకు లగేజీ టికెట్టు కొట్టాడు. "నా టికెట్ల కట్ట దానికి అందనీకమ్మా" అన్నాడు, అంతే.

కాలేజీలో లెక్చరర్ నివేద వేలూరు పక్క బాగాయం మనిషి, ఇంట్లో తెలుగే. కస్తూరమ్మ మేక సంగతి చెబితే విని, కంప్యూటరు ఇచ్చిన రిపోర్టును దాని ముందు పెట్టింది. మేక ఒక్క పట్టున తినేసింది. తర్వాత ప్రాజెక్టు. మొదటి పేజీ కూడా తినేసింది. కస్తూరమ్మ కూతురి వైపు తిరిగింది.

రెండో పేజీ వాసన చూసి మేక మూతి తిప్పుకుంది. ఆపైన ఒక్కటీ ముట్టలేదు.

"మొదటిది ఫోను రాసింది మేడం," అని హేమశ్రీ ఏడ్చింది. "ఎట్ల మొదలుపెట్టాలో తెలీలేదు. మిగిలిందంతా నాదే."

నివేద రెండో పేజీ చూసింది. బంక వేళ్ళను తింటుందని ఇంగ్లీషులో ఉంది. ఇదేం మాటని అడిగింది.

"వేళ్ళ మీద తోలు ఊడితే మా ఇంట్లో అట్లే అంటాం. బంక తినేసిండాది అని."

"మరి దాంతోనే మొదలుపెట్టు. ఫోను నాకిచ్చి, ఈడే కూర్చొని రాయి."

హేమశ్రీ రాసింది. కొత్త పేజీ చూపిస్తే మేక దాన్ని దాటిపోయి గోడ క్యాలెండరు అందుకుంది. నివేద హాల్ టికెట్టు మీద సంతకం పెట్టి, క్యాలెండరులో మిగిలిన ముక్కను పైకి కట్టింది.

ఇల్లు చేరేసరికి చినుకులు ఆగాయి. కస్తూరమ్మ మొగుడు నటేశన్ డ్యూటీ దిగి వచ్చాడు. పిల్ల రెండోసారి అన్నం పెట్టించుకుంది.

మొగుడు. కూతురు. మేక. కస్తూరమ్మ మళ్ళీ ఒకసారి లెక్కపెట్టుకొని, తలుపు గడియ వేసింది.