చెమట చెప్పిన సాక్ష్యం

తప్పు చేసినవాడికి ముచ్చెమటలు పడతాయని లోకం ఏనాడో తీర్మానించేసింది. చెమట పట్టినవాడల్లా తప్పు చేసినవాడేనా అని మాత్రం ఎవరూ అడగరు. అడిగే రంజిత్ ఒక్కడు లేకపోతే గద్వాలలో క్రాంతి కుమార్ దొంగగా మిగిలిపోయేవాడు.

క్రాంతికి ఎండాకాలం, చలికాలం తేడా లేదు. అరచేతులు ఎప్పుడూ కుళాయి కింద పెట్టి తీసినట్టే ఉంటాయి. నిరుడు రంజితే పట్టుబట్టి వనపర్తి దవాఖానకు తీసుకుపోయాడు. ఇది భయం కాదు, జబ్బేనని చెప్పి డాక్టరు పూత మందు రాసిచ్చాడు. మందుతో కొంత నయమే. కానీ మనసు పరేషాన్ అయిన రోజున చెమట ధార కట్టేది.

ఇద్దరూ వెంకట్రాములు సేటు దగ్గరే పని. రంజిత్ మగ్గం నేస్తాడు. క్రాంతి చీరల మూటను బస్సులో వనపర్తి దుకాణానికి చేరవేస్తాడు. పట్టుకు మరకలవుతాయని సేటు అతన్ని చీర ముట్టనివ్వడు. మడతలు పెట్టేదీ, మూట కట్టేదీ సేటే. క్రాంతి తువ్వాలకైతే మగ్గాల షెడ్డులో వేరే మేకు. పొరపాటున కూడా దాన్నెవరూ తాకరు.

ఆ మధ్యాహ్నం ఒక చీర కనబడలేదు. పెండ్లివాళ్లు రేపు వచ్చి తీసుకుపోతామన్న పెద్ద జరీ అంచు చీర.

"పొద్దున మూట మోసింది నువ్వే కదర?" అన్నాడు సేటు.

క్రాంతి నోరు తెరిచేలోపే నుదుటి చెమట గడ్డం దాకా కారింది.

"సూడుండ్రి, ఎట్ల కారుతుందో! తప్పు చెయ్యనోనికి గట్ల పడ్తదా?"

"మావానికి పెండ్లి బంతిల కూసున్నా గట్లనే పడ్తది సేటూ. గది జబ్బు," అన్నాడు రంజిత్.

"అయితే జమ్ములమ్మ తల్లి కుంకుమ వట్టుకొని ఒట్టు పెట్టుమను."

సేటు దేవుని గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చాడు. రంజిత్ ఆపబోయాడు. క్రాంతి అబద్ధమాడతాడని కాదు, ఆ తడి చేతిలో కుంకుమ పడితే ఏమవుతుందో తెలుసు గనుక. అదే అయింది. "నేను తియ్యలే సేటూ" అంటుండగానే కుంకుమ కరిగి వేళ్ల సందుల్లోంచి ఎర్రగా కారింది.

"అమ్మో, తల్లే సూపెట్టింది!" అన్నారు మిగతా నేతగాళ్లలో ఎవరో.

ఈ మాట ఊళ్లోకి పాకితే క్రాంతిని ఇంకే గడపా తొక్కనివ్వరు. రంజిత్ మగ్గం గుంటలోంచి లేచివచ్చి, స్నేహితుడి చేతుల కింద తన దోసిలి పట్టాడు. ఎర్రనీళ్లు అందులో పడ్డాయి.

"ఇగ నేను గూడ దొంగనే. ఇద్దరం పోతం. పోయేముందల ఒక్కసారి వనపర్తికి ఫోను కొట్టుండ్రి."

"కొట్టిన. లెక్క సరిపోయిందన్నరు."

"లెక్కవెట్టుడు గాదు, మడతలిప్పి సూడమనుండ్రి. మన చీర అగ్గిపెట్టెల పడ్తదని గొప్పలు జెప్పుకుంటం గదా! ఇంకో చీర మడతల పట్టదా?"

సేటు విసుక్కుంటూనే ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. అవతల చీరలు విప్పుతున్న గరగర. షెడ్డులో ఒక్క మగ్గమూ ఆడటం లేదు. క్రాంతి కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"ఉన్నది సేటూ! ఆకుపచ్చ చీర మడతల ఇంకోటి ఉన్నది. ఎవలు మడతవెట్టిన్రో గని!"

ఎవరు మడతపెట్టారో అక్కడ తెలియనివాళ్లు లేరు. రంజిత్‌కు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఎర్రటి చేతులతోనే క్రాంతిని వాటేసుకున్నాడు, చొక్కాలు పాడైతే పాడయ్యాయి.

వెంకట్రాములు ఫోన్ పక్కన పెట్టాడు. ముందు నుదురు చెమర్చింది, తర్వాత మెడ.

"తప్పయింది బిడ్డా," అన్నాడు చివరికి.

"సేటూ, ఎట్ల కారుతుందో సూడుండ్రి," అన్నాడు రంజిత్. ఉండబట్టలేకపోయాడు మరి. షెడ్డంతా గొల్లుమంది, క్రాంతి కూడా నవ్వేశాడు.

నవ్వుతూనే మేకు మీది తువ్వాల తీసి సేటుకు అందించాడు. అంతలోనే అది తనదని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. సేటు వదల్లేదు. ఆ తడి తువ్వాలతోనే మొహమంతా తుడుచుకున్నాడు.