వయొలిన్ ఆపితే చెప్తాను

రేవులో క్రేను నడిపే ఆమెని అందరూ పైఅక్క అనేవాళ్లు. ఇరవై రెండేళ్లుగా ముప్పై మీటర్ల ఎత్తున అద్దాల గదిలో కూర్చుని, ఓడల్లోంచి ఇనప పెట్టెల్ని తీసి లారీల మీద పెట్టడం ఆమె పని. కింద ఎవడైనా అడ్డదిడ్డంగా తిరిగితే హారన్ కొట్టేది. వాడు అప్పటికీ జరక్కపోతే కిటికీ తీసేది. హారన్‌కి బెదరనివాళ్లు కూడా ఆ కిటికీకి బెదిరేవాళ్లు.

టీవీ వాళ్లొచ్చి ఆమె మీద అరగంట కార్యక్రమం తీశారు. క్రేను బ్రేకు జారిన రోజు సంగతి చెప్పమంటే చెప్పింది. కెమెరా పట్టుకున్నతను నవ్వాపుకోలేక రెండుసార్లు మళ్లీ తీయాల్సి వచ్చింది.

ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నారు. చెవి మిషన్ పెట్టుకునే ఆమె పెద్దక్కని కుర్చీతో సహా ముందుకు జరిపారు. పైఅక్క నోరు తెరిచిందో లేదో, వయొలిన్ మొదలైంది. దాని వెనకాలే వేణువు, ఆ వెనక ఎవరో గుండెలు బాదుకుంటున్నట్టు డోలు. ఆమె నవ్వు మొహాన్ని దగ్గరగా చూపించి, నెమ్మది చేసి, ఏడవబోతున్న మొహంలా చేసేశారు.

"ఏమంటున్నావే? నాకు ఈ రొద తప్ప ఏం వినబడట్లేదు," అంది పెద్దక్క, మిషన్ తిప్పుకుంటూ.

"నాకూ అంతే. చెప్పింది నేనే కాబట్టి తెలుస్తోంది."

మర్నాడు పక్కింటావిడ చెయ్యి పట్టుకుని, "పాపం, ఎన్ని కష్టాలు పడ్డావమ్మా!" అని కళ్లు ఒత్తుకుంది. పైఅక్కకి ఒళ్లు మండిపోయింది. చెయ్యి విడిపించుకుని తిన్నగా చానల్ ఆఫీసుకెళ్లింది.

నిర్మాత మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు. "సంగీతం లేకపోతే జనం చానల్ మార్చేస్తారమ్మా. ఎక్కడ బాధపడాలో వాళ్లకి తెలియాలి కదా?"

"బాధపడమని నేనెప్పుడు చెప్పాను? నవ్వుతూ చెప్పానయ్యా!"

"మీకు తెలీదు. ఆ ఎపిసోడ్‌కి ఎంత పేరొచ్చిందో! శుక్రవారం ప్రత్యక్ష ప్రసారానికి మిమ్మల్నే పిలుద్దామనుకుంటున్నాం."

"వస్తాను. కానీ నా మాట మీద పాట వెయ్యకూడదు."

"అలాగే, అలాగే," అన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నాడంటే వినలేదన్నమాట.

శుక్రవారం స్టూడియోలో మొహం మీద వేడి దీపాలు. చీర కొంగుకి మైకు తగిలించారు. గాజు గోడ వెనకాల చెవులకి హెడ్‌ఫోన్లతో సౌండు మనిషి. యాంకరమ్మాయి గొంతు బరువు చేసుకుని, "ఆ భయంకరమైన రోజు గురించి చెప్పండి," అంది.

"బ్రేకు జారుతోందండీ. కింద లారీ. లారీలో డ్రైవరు, తలుపు ఇరుక్కుని..."

వయొలిన్.

పైఅక్క నోరు మూసుకుంది. యాంకరమ్మాయి చూసింది. "తర్వాత ఏమైందండీ?"

"మీ వాయిద్యం అయిపోనివ్వండి. చెప్తాను."

నవ్వులాంటిదేదో నవ్వి ఆ అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది. పైఅక్క ఉలకలేదు, పలకలేదు. ఊరంతా చూస్తుండగా వయొలిన్ ఒక్కటే ఏడ్చుకుంటోంది. కెమెరాల వెనక నిర్మాత చేతులు తిప్పాడు, దండం పెట్టాడు, చివరికి వేలు చూపించి బెదిరించాడు. ఆమె అతని వంకే చూస్తూ కూర్చుంది.

గాజు గోడ వెనక సౌండు మనిషి నిర్మాతని చూశాడు, ఆమెని చూశాడు. ఒక్క వేలితో మీట కిందకి లాగేశాడు.

స్టూడియో నిశ్శబ్దమైపోయింది.

"ఆ. ఇప్పుడు వినండి," అందామె. "లివరు వదిలితే పెట్టె వాడి నెత్తిన పడుతుంది. పక్కకి జరపబోతే ఇంకా జారుతోంది. వాడి తలుపు కోసేదాకా నలభై నిమిషాలు రెండు చేతులతో అలాగే పట్టుకున్నాను. అందరూ అడుగుతారు, ప్రాణభయం వెయ్యలేదా అని. నాకు వేసింది బాత్రూం భయమండీ! పొద్దున్నించి నాలుగు గ్లాసుల టీ తాగి ఎక్కాను. డ్రైవరు బయటపడ్డాడు, పెట్టె దింపేశాను. నిచ్చెన దిగుతుంటే అందరూ చప్పట్లు, దండలు. తప్పుకోండ్రా అని అరుచుకుంటూ పరిగెత్తాను. నాకు కళ్లు తిరిగాయనుకుని డాక్టరు వెంటపడ్డాడు, తలుపు దాకా!"

యాంకరమ్మాయి బరువు గొంతు మర్చిపోయి పగలబడి నవ్వింది.

ప్రసారం అవగానే నిర్మాత ఎర్రబడ్డ మొహంతో వచ్చాడు. "పరువు తీశారు. ఇంకెప్పుడూ మిమ్మల్ని పిలవం."

"పిలవద్దు. పిలిస్తే మాత్రం ఇలాగే చేస్తాను," అని మైకు విప్పి అతని చేతిలో పెట్టింది.

బయట మెట్ల మీద అడుగు పెట్టేసరికి పెద్దక్క ఫోను. "ప్రతి ముక్కా వినబడిందే! ఇంతకీ ఆ డాక్టరు ఏమన్నాడు?" అని అడుగుతూ నవ్వుతోంది. పైఅక్కకి అప్పుడు, ఆ మెట్ల మీద, కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

సౌండు మనిషిని వారం పాటు పనిలోకి రావద్దన్నారు. ఆ సంగతి తెలిసి పైఅక్క రేవు కార్మికులందరి చేతా సంతకాలు పెట్టించి, కాగితం తనే తీసుకెళ్లి ఇచ్చింది. మూడో రోజుకి అతన్ని వెనక్కి పిలిచారు. చానల్ మాత్రం మారలేదు. నెల తిరక్కుండా పాత కార్యక్రమాన్నే వయొలిన్‌తో సహా మళ్లీ వేసింది.

పైఅక్క లేచి చెప్పులేసుకుంది.

"ఎక్కడికే?" అంది పెద్దక్క.

"వాళ్ల ఆఫీసుకి. నువ్వూ రా. నీకేం వినబడలేదో నువ్వే చెబుదువు గాని."