తెర మీద అమరావతి చేతులు

మా చెల్లెలు అమరావతి పోయిన రోజు నేను తొమ్మిదో తరగతి తెలుగు పేపర్లు దిద్దుతున్నాను. మా బడి తమిళనాడులో గుడియాత్తం నుంచి మోర్ధానా పోయే దారిలో ఉంటుంది. పదకొండు గంటలకు చెల్లెలి భర్త శక్తివేల్ ఫోన్ చేశాడు.

"వదినా, అమరావతి పొయ్యింది. పడుగు అతుకుతా అతుకుతా పక్కకు ఒరిగింది" అన్నాడు. మళ్లీ, "పని సగంలో ఉండాది" అన్నాడు.

ఆ రెండో మాట కూడా అతను దుఃఖంతోనే అన్నాడని నాకు తెలుసు. మగ్గం ఉన్న ఇంట్లో మనిషి పోయినప్పుడు ముందు కళ్లకు కనిపించేది ఆగిపోయిన మగ్గమే. నేను చేతిలో ఉన్న పేపరుకు మార్కులు వేసి, సంతకం పెట్టి, కట్ట కట్టి, హెడ్మాస్టరుకు అప్పజెప్పి బస్సెక్కాను. అంత పద్ధతిగా ఎందుకు చేశానో ఇప్పటికీ తెలియదు.

మగ్గం మీద ఒక పడుగు నేయడం పూర్తయితే, కొత్త పడుగు పోగులను పాత పోగుల కొసలకు కలపాలి. వేళ్లకు బూడిద అద్దుకుని, రెండు కొసలను పక్కపక్కన పెట్టి ఒక్క మెలి తిప్పాలి. అలా ఒక్కొక్కటే, వేల పోగులు. రోజంతా నడుము వంచి చేసే పని. మా వీధిలో అది ఆడవాళ్లు చేస్తారు. నేసేవాడిని నేతగాడు అంటారు. అతికే మనిషికి పేరు లేదు. ఇంట్లోవాళ్లు తోడుంటారు అంటారు, అంతే. అమరావతి ముప్పై ఏళ్లు తోడుంది.

కర్మ అయిన మర్నాడు మిగిలిన సగం అతకడానికి పక్క వీధి నుంచి ఒకామె వచ్చింది. నేనూ పక్కన కూర్చుని వేళ్లకు బూడిద అద్దుకున్నాను. మూడు పోగులు తెంపాను. "మీకేమిటికి టీచరమ్మా ఈ పని, లేసి అట్ల కూర్చోండి" అందామె మర్యాదగా. నేను లేచాను.

ఆ పనినే రెండేళ్ల కిందట సినిమావాళ్లు చిత్రీకరించారు. చెన్నై నుంచి వచ్చి, అమరావతి ఇంట్లో మగ్గం గది చూసి, ఇదే కావాలన్నారు. ఒక పల్లెలో పదిహేనేళ్ల నేత పిల్ల కథ. తాగే తండ్రి, మంచం పట్టిన తల్లి, ఆగిపోయిన బడి. ఆ వేషం వేసిన అమ్మాయి మంచిదే, రెండు రోజులు అమరావతి పక్కన కూర్చుని నేర్చుకోబోయింది. పోగు నిలవలేదు. చివరికి ఆ పిల్ల గాజులు తీసి అమరావతి చేతులకు వేసి, ఆ చేతుల్ని మాత్రం కెమెరాలో తీశారు. పోయేటప్పుడు ఒక చీర పెట్టి దండం పెట్టారు.

ఆ సాయంత్రం అమరావతి నాకు ఫోన్ చేసింది. నవ్వు ఆపుకోలేక మాట తడబడుతోంది. "అక్కా, మొగం ఆ పాపది, చేతులు నావి. ఇద్దరం కలిస్తే ఒక మనిషంట."

"నీ మొహం చూపించరా మరి?"

"నా మొగం చూసేదానికి ఎవురు టికెట్టు తీస్తారు? సినిమా పడం వచ్చినబ్బుడు నువ్వు నా పక్కన కూర్చోవల్ల. ఇవి నా చేతులని నీకు మాత్రం తెలిస్తే సాలు."

ఆమె పోయిన మూడు నెలలకు సినిమా వచ్చింది.

మొదటి రోజు నుంచే ఫోన్లో అభిప్రాయాలు మొదలయ్యాయి. నేను దోసెలు పోస్తుంటే మా ఆయన ధనపాల్ బల్ల దగ్గర కూర్చుని పైకి చదివేవాడు. రెండో సగం సాగదీశారని ఒకరు. పల్లె అంటే ఇంత రక్తమా, ఇంత తాగుడా అని ఒకరు. ఆ పిల్ల చివర జోలార్పేటలో రైలెక్కడం నమ్మేలా లేదని ఒకరు, నమ్మేలా లేకపోయినా ఎక్కడమే బాగుందని ఇంకొకరు. ఎక్కువ మంది మెచ్చుకున్నది మాత్రం ఒకే దాన్ని. హీరోయిన్ ఆరు నెలలు మగ్గం దగ్గర కూర్చుని నేర్చుకుందట, ఆ చేతుల వేగం చూడండి అని. ఒక పేరున్న విమర్శకుడు పెద్ద వ్యాసమే రాశాడు. పదిహేనేళ్ల పిల్లకు నలభై ఏళ్ల చేతులు పెట్టడంలో దర్శకుడి ఆలోచన గొప్పదని, బాల్యాన్ని మగ్గం ఎలా తింటుందో ఒక్క మేకప్‌తో చెప్పాడని.

నేను పెనం మీద దోసె తిరగేశాను. ఆ చేతులకు ఎవరూ మేకప్ వేయలేదు.

ఆదివారం వేలూరు వెళ్లి చూశాం. అక్కడ కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి వైష్ణవి కూడా వచ్చింది. నా పక్క సీటు ఖాళీగా ఉంచమని అడగాలనుకున్నాను. అడగలేదు. కాసేపటికి ఎవరో వచ్చి కూర్చున్నారు. అమరావతి చేతులు తెర నిండా వచ్చాయి. కుడి చూపుడు వేలి మీద పాత కోత, నాకు తెలిసిన కోత. వెనక ఎవరో "సెమ్మ" అని తమిళంలో మెచ్చుకున్నారు మెల్లగా. వైష్ణవి నా చెయ్యి పట్టుకుంది.

బయట మైకులు పట్టుకున్న కుర్రవాళ్లు నిలబడ్డారు. ఒకతను నా ముందు మైకు పెట్టి, "అక్కా, పడం ఎప్పిడి ఇరుక్కు?" అని అడిగాడు. సినిమా ఎలా ఉందో నలభై మంది పిల్లల ముందు గంటసేపు చెప్పగలిగినదాన్ని, వెనక్కి జరిగాను. మా ఆయన ముందుకు వచ్చి మైకు అందుకున్నాడు. మేము నేతవాళ్లం, మాకు తెలుస్తుంది, ఆ అమ్మాయి నిజంగా పని నేర్చుకునే చేసింది అని తమిళంలో చెప్పాడు. వాళ్లు సంతోషపడ్డారు.

బస్సులో అడిగాను, అవి అమరావతి చేతులని మీకు తెలుసు కదా అని.

"తెలుసు లే. కెమెరా ముందర అదంతా ఏమిటికి? చేసింది రెండు నిమిషాల పని. ఆ పాప ఒక సినిమా అంతా చేసింది" అన్నాడు. కిటికీ వైపు తిరిగి, కొంచెం జాలిగానే, "నీ చెల్లెలికి సదువు రాలేదు. చెయ్యి వచ్చింది. అదన్నా పనికొచ్చింది పో" అన్నాడు.

ఆయన తప్పేమీ లేదు. మా ఇంట్లో ముప్పై ఏళ్లుగా అందరూ చెప్పుకునే మాటే అది. అమరావతికి చదువు ఎక్కలేదు, తనంతట తానే నిలిచిపోయింది. మా నాయన అలాగే చెప్పేవాడు. అమ్మ అలాగే చెప్పేది. నా పెళ్లిచూపుల్లో నేనూ అలాగే చెప్పాను.

నిజానికి అమ్మకు చూపు తగ్గి పోగులు కనబడకపోయేసరికి, ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉండాలని నాయన అన్నాడు. నేను పదో తరగతి పూర్తి చేశాను. అమరావతి ఎనిమిదిలో ఉంది, క్లాసులో రెండో ర్యాంకు. పెద్దదాన్ని కాబట్టి నేనే ఆగాలి, అందరూ అదే అనుకున్నారు, నాయన నా వైపే చూస్తున్నాడు. అప్పుడు నేను ఒక మాట అన్నాను. "నాకన్నా దానికే చెయ్యి బాగా తిరగతాది నాయనా." అబద్ధం కాదు. ఆమెను మెచ్చుకున్నాను. అమరావతి తల ఎత్తి నన్ను చూసింది. ఆ మెప్పుకు సంతోషపడింది కూడా. సోమవారం నుంచి ఆమె బడికి పోలేదు. ఆమె పుస్తకాలు అటక మీద పెట్టింది నేనే.

ఆ మాట తర్వాత నేను టీచర్ ట్రైనింగ్ చేశాను, ఉద్యోగం చేశాను. బడిలో ప్రతి జూన్‌లో బడి మానేసిన ఆడపిల్లల ఇళ్లకు పోయి తల్లిదండ్రులను బతిమాలాను. అక్కలతో మాత్రం ఎన్నడూ మాట్లాడలేదు.

మూడు రోజుల తర్వాత వైష్ణవి ఫోన్ చేసింది. ఆ విమర్శకుడి వ్యాసం కింద నిజం రాస్తానంది. "పిన్ని చేతులమ్మా. మేకప్ అంటాడు వాడు."

"నేను రాస్తాను" అన్నాను.

ముందు తెలుగులో రాసుకున్నాను, ఆ రోజు నాయనతో అన్నది తెలుగులోనే కనుక. ఒక్క వాక్యం వచ్చింది. ఈ సినిమాలో పడుగు అతికే చేతులు గుడియాత్తంలో మగ్గం పని చేసిన నా చెల్లెలు అమరావతివి, ఆమె ఈ ఏడాది చనిపోయింది, అవి మేకప్ కావు. వైష్ణవి దాన్ని తమిళంలో నా పేరుతో పెట్టింది. సాయంత్రానికి మా ఆయనకు తెలిసింది. "ఇంట్లో సంగతి ఊరి ముందర పెట్టినావు" అన్నాడు. "పెట్టింది సగమే" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు, నేను విప్పి చెప్పలేదు.

చాలామంది నమస్కారాలు పెట్టారు. కొందరు నమ్మలేదు. శక్తివేల్‌కు ఎవరో చదివి వినిపించారట, ఫోన్ చేసి ఏడ్చాడు. అన్నిటి కింద తిరుపత్తూరు నుంచి హేమప్రియ అనే అమ్మాయి ఒక ప్రశ్న రాసింది. సినిమాలో పిల్లలాగే మీ చెల్లెలు కూడా బడి మానేశారా టీచర్, ఎవరు మాన్పించారు అని.

వారం అయింది. ఆ ప్రశ్నకు నేను ఇంకా జవాబు రాయలేదు.